నా కడుపుకు రాసిన దస్తావేజు

ఇంకో కాన్పు వస్తే నువ్వు బతకవని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పేసింది. అది జమ్మలమడుగులో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నయాపైసలు వచ్చిన కొత్తల్లో. నా ఒళ్ళో మూడు నెలల పిల్ల ఉంది. అది ఐదోది. అది పుట్టినప్పుడు నాకు పోయిన రక్తం చూసి, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మంత్రసాని కూడా మంచినీళ్ళు తాగి వస్తానని చెప్పి బయటికి పోయి చాలాసేపు రాలేదు. ఎట్లో బతికి బయటపడ్డాను గానీ, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. అందుకే చూపించుకోవడానికి పులివెందుల నుంచి బస్సెక్కి అంతదూరం వచ్చాను.

పిల్లలు పుట్టకుండా చిన్న ఆపరేషన్ ఉందని, వారం పదిరోజులు పడుకుంటే సరిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడది కృష్ణా జిల్లా. మాట మెత్తన, మనిషి గట్టి. నేను ఆలోచించడానికి గడువు అడగలేదు. చేసేయండి అన్నాను. ఎప్పుడు చేయించుకుంటావని అడిగితే, ఎటూ వచ్చాను కాబట్టి ఈపొద్దే కానీయమన్నాను. ఆవిడ నవ్వి, సొరుగులోంచి ఒక అచ్చు కాగితం తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద భర్త సంతకం కావాలంది.

కోసేది నా కడుపు, సంతకం ఆయనది ఎందుకని అడిగాను. రూలు అంది. ఆ రూలు నేను పెట్టలేదని, సంతకం లేకుండా కత్తి పట్టుకుంటే రేపు మీ ఆయనే వచ్చి నామీద కేసు వేస్తాడని అంది. మా ఆయన కేసు వేయడని నేను హామీ ఇచ్చాను. కేసు వేయాలంటే కాగితం మీద సంతకం పెట్టాలి, మా ఆయన పెట్టడు. నేను పరాచికాలాడుతున్నానని ఆవిడ అనుకుంది. వచ్చే ఆదివారం నుంచి రెండు నెలలు సెలవు మీద ఊరికి పోతున్నానని, శనివారం లోపల కాగితం తెచ్చుకోమని పంపించేసింది.

రెండు నెలలంటే మా ఇంట్లో చాలా ఎక్కువ. మాకు ఉన్నవే రెండు గదులు, ఒకటి మా అత్తది.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. మంచి మనిషి. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు, కల్లు సారా ఎరగడు, ఎద్దుకు జ్వరమొస్తే తానూ అన్నం మానేసే రకం. ఆయనకున్న జబ్బు ఒక్కటే, కాగితం. మా మామ బతికుండగా ఎవరో తెలిసినాయన మాట నమ్మి ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడట. ఆ కాగితంలో మధ్యలో ఖాళీ ఉందట. వాళ్ళు ఆ ఖాళీలో ఏం రాసుకున్నారో గానీ, మంచి నల్లరేగడి చేను పోయింది. మామ చనిపోయే ముందు కొడుకును దగ్గరికి పిలిచి, ఖాళీ ఉన్న కాగితం మీద జన్మలో సంతకం పెట్టనని మాట తీసుకున్నాడు. ప్రొద్దుటూరులో దస్తావేజులు రాసే ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన చూడని కాగితాన్ని ముట్టుకోనని కూడా మాట తీసుకున్నాడు. చనిపోతున్న మనిషి ఇంకేం అడిగినా బాగుండేది.

దాంతో మా ఇంట్లో కాగితం అనేది పాము కింద లెక్క. పోస్టాయన రిజిస్టరు కవరు తెస్తే మా ఆయన పెరటి దోవన చేనికి వెళ్ళిపోయేవాడు. పెద్దపిల్లను బడిలో చేర్చిన రోజు అయ్యవారి చేత దరఖాస్తులో ఉన్న ఖాళీలన్నిట్లో అడ్డగీతలు గీయించి, అయ్యవారి పేరు ముందు కాస్త ఖాళీ ఉందని అక్కడ కూడా గీయించాడు. బంధువుల ఇంటి పెండ్లిపత్రిక వస్తే, అడుగున వదిలేసిన తెల్లజాగా మీద కూడా తనే పెన్సిలుతో ఒక గీత కొట్టి గూట్లో పెట్టేవాడు.

అట్లాంటి మనిషి చేతికి నేను నాలుగు ఖాళీలున్న ఆసుపత్రి కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని వాకిట్లో వెలుతురులో పట్టుకుని మూడుసార్లు చదివాడు. నా ప్రాణం సంగతి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఆయనకు ఆపరేషన్ మీద ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమంతా ఆ ఖాళీల మీద.

"మే, దీంట్లో నాలుగు ఖాళీలుండాయి. రేపు ఎవురన్నా ఏమన్నా రాసుకుంటే మనం యాడికి పోవాల?" అన్నాడు.

అంత భయమైతే నువ్వే చేయించుకో, మగవాళ్ళకు ఇంకా సులువంట అన్నాను. ఆయన లేచి పోయి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రెండు రోజులు జ్వరం. ఆ మాట ఇంక ఎత్తలేదు నేను.

మా అత్త అన్నీ వింటూ వక్క కొరుక్కుంటోంది. అడ్డు పడుతుందేమోనని నేను కొంగు బిగించుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె నన్ను వదిలిపెట్టి కొడుకును పట్టుకుంది. "ఈమె పోతే ఆ ఐదుమందిని నేను సాకలేను. నువ్వు సంతకం పెడ్తావో, ఇంకొకదాన్ని తెచ్చుకుంటావో నాకు తెల్దు. తెచ్చుకుంటే ఈతూరి వంట వచ్చినదాన్ని తెచ్చుకో," అంది. ఆమె నా పక్షాన మాట్లాడడం అదే మొదటిసారి. అందుకే వంట సంగతి మనసులో పెట్టుకోలేదు, అప్పటికి.

జ్వరం తగ్గేసరికి శుక్రవారం వచ్చింది. మా ఆయన ముందు లేచి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. ప్రొద్దుటూరు పోదాం పద అన్నాడు. ముసలాయన చూసి బాగుందంటే అక్కడే సంతకం, అక్కడి నుంచే జమ్మలమడుగు. నలుగురు పిల్లల్నీ మా అత్తకు అప్పజెప్పి, చంటిదాన్ని ఎత్తుకుని నేను బయల్దేరాను. బస్సు ముద్దనూరు దాకా వచ్చి ఆగిపోతే, ఇంకో బస్సు కోసం ఎండలో కూర్చున్నాం. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కనడానికి ఐదుసార్లూ ఎవరి సంతకమూ అక్కరలేకపోయింది గదా, ఆపడానికి ఎందుకు మూడు ఊళ్ళు తిరగాల్సి వచ్చిందని ఆయన్ను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, కనేటప్పుడు కాగితం లేదు కాబట్టి అన్నాడు.

ప్రొద్దుటూరు రిజిస్ట్రారు ఆఫీసు వసారాలో, చాప మీద వాలుబల్ల ముందర పెట్టుకుని దస్తావేజుల ముసలాయన కూర్చుని ఉన్నాడు. అద్దాలకు ఒకవైపు పుల్ల విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. మా ఆయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. చుట్టూ చేలు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, వాళ్ళ వెంబడి వచ్చిన సాక్షులు. అంతమంది మగవాళ్ళ మధ్య మా ఆయన నా కడుపు సంగతి విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. నేను చంటిదాని మొహం మీద కొంగు కప్పి, నా మొహం కూడా అందులోనే దాచుకున్నాను.

ముసలాయన ఆసుపత్రి కాగితం తిప్పితిప్పి చూసి పక్కన పారేశాడు. ఇంత పలచటి కాగితం మీద రాసింది ఏదీ నిలబడదన్నాడు. ఇది పక్కాగా రాసుకోవాల్సిన వ్యవహారమట. అయితే ఏ రకం కింద రాయాలనేది ఆయనకు చిక్కొచ్చి పడింది. క్రయం కాదు, ఎందుకంటే అమ్మడం లేదు. తాకట్టు కాదు, ఎందుకంటే ఆపరేషన్ అయినాక విడిపించుకోవడం లేదు. దానం అంటే డాక్టరమ్మ ఆ కడుపు తీసుకుని ఏం చేసుకుంటుంది? కమలాపురం నుంచి చేను రాయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, తన పని మానుకుని, పంపకాలకు రాసే భాగపరిష్కారం కింద రాస్తే ఎట్లుంటుందని సలహా ఇచ్చాడు. వాళ్ళందరూ నిజంగానే సాయం చేయాలని చూస్తున్నారు. అదే నాకు ఇంకా మంట పుట్టించింది.

చివరికి ముసలాయన మొహం వెలిగింది. హక్కు విడుదల పత్రం అన్నాడు. వెంటనే కలం ముంచి గబగబా రాసుకుంటూ పోయాడు. రాసినంత వరకు అందరికీ వినబడేలా చదివాడు. పులివెందుల కాపురస్తుడు ఫలానావారి కుమారుడు ఫలానా సమ్మతించి రాసి ఇచ్చిన హక్కు విడుదల పత్రం ఏమనగా, నా స్వాధీన అనుభవములో ఉన్నట్టి నా భార్య గర్భాశయము మీద నాకు గల సకల హక్కులను ఈ దినము విడుదల చేసినాను గనుక, ఇకమీదట దానిని మీరు పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలసినది.

పుత్రులు వద్దనే గదా ఈ బాధంతా అని నాకు నోటిదాకా వచ్చింది. ఈలోగా ముసలాయన మా ఆయన్ను తూర్పు పడమర చెక్కుబందీలు అడిగాడు. హద్దులు లేని దస్తావేజు తన చేతిమీదుగా ఎన్నడూ పోలేదట. మా ఆయన నా వైపు చూసి, తూర్పు ఎటో లెక్కకట్టడం మొదలుపెట్టాడు. ఇంతలో ముసలాయనకు ఇంకో అనుమానం వచ్చింది. విడుదల సరే, ఎవరి పేరు మీద విడుదల? మా ఆయన తడుముకోకుండా, డాక్టరమ్మ పేరు మీద అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. కళ్ళు తిరగలేదు. కోపంలో నాకు ఏ జబ్బూ గుర్తుండదు. ఈయన దగ్గర నుంచి ఆవిడకు, ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతికి పోతున్నాను, మధ్యలో నేను ఎక్కడున్నానని అడిగాను. ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. దస్తావేజులో ఆస్తి మాట్లాడదమ్మా అన్నాడు. ఆయన ఎకసెక్కానికి అనలేదు, ఉన్న సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళుగా ఆయన ఆ బల్ల దగ్గర ఎన్నో చేలు చేతులు మారడం చూశాడు, ఏ చేనూ లేచి నిలబడలేదు.

"ఒక మాట అడుగుతా చెప్పు మామా," అన్నాను. "పుట్టింటి నుంచి ఆడది తెచ్చుకున్న సొత్తు మీద మొగునికి హక్కు ఉండాదా?"

"ల్యా. అది స్త్రీధనం. ఆయమ్మ ఇష్టం."

"ఈ ఒళ్ళు మా అమ్మ ఇచ్చింది. ఈయన తాళి కట్టేదానికి ముందునుంచీ నా దగ్గరే ఉండాది. నేను మెట్టినింటికి తెచ్చుకున్న సామాన్లలో మొదటిది ఇదే. స్త్రీధనం కింద రాయి."

ముసలాయన అద్దాలు తీసి, దారం సరిచేసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయనకు తెలిసిన లెక్కలోనే అడిగాను కాబట్టి కాదనడానికి దోవ దొరకడం లేదు. పెండ్లికి ముందునుంచి ఉన్నట్టు రుజువేముందని అడిగాడు. కమలాపురం పెద్దాయన ముందుకు వంగి, అదెందుకు లేదప్పా, లేకుంటే పెండ్లిచూపుల్లో ఏం చూసినారు వీళ్ళు అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు భయమేసింది. నా ఎగరడమంతా ఆయన మంచితనం మీద ఆధారపడిన ఎగరడం. మూతి ముడుచుకుని లేచి బస్సు స్టాండుకు నడిచాడంటే నా కథ అక్కడితో సరి. నాలుగు బజార్లు విన్న మాట, మగవాడికి రోషం రావడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇంకో మనిషైతే ఆ రోజే నన్ను జుట్టు పట్టుకుని ఊరికి ఈడ్చుకుపోయి ఉండేవాడు, మరుసటి ఏడు మా అత్త వంట వచ్చినదాన్ని వెతుక్కుంటూ ఉండేది.

మా ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఆయమ్మ చెప్పేది న్యాయమే మామా," అన్నాడు. "ఇంకొక కాగితం తీయి. ఆయమ్మ పేరు మీదనే రాయి. నేను సాక్షిగా పెడ్తా."

ఆయన జీవితంలో ఎవరికీ సాక్షి సంతకం పెట్టలేదు. సొంత తమ్ముడు అడిగినా పెట్టలేదు. ముసలాయన కొత్త కాగితం తీసి, నా పుట్టింటి ఊరు, మా నాయన పేరు అడిగి, నా శరీరం నాకు తల్లివల్ల సంక్రమించిన స్త్రీధనమనీ, నా పూర్తి ఇష్టప్రకారం ఆపరేషన్ చేయించుకుంటున్నాననీ రాశాడు. చెక్కుబందీల దగ్గర ఆగి, అక్కరలేదులే అన్నాడు. నేను ఐదో తరగతి దాకా చదివాను, నా సంతకం నేనే పెట్టుకున్నాను. మా ఆయన మిగిలిన తెల్లజాగా అంతా అడ్డగీతలు కొట్టి, అప్పుడు సాక్షి అని రాసి చేసిన సంతకం ఎండేదాకా ఊదుతూ కూర్చున్నాడు. పారేసిన ఆసుపత్రి కాగితాన్ని నేను ఏరుకుని కొంగున కట్టుకున్నాను.

జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. డాక్టరమ్మ మా దస్తావేజు నిలబడి చదవడం మొదలుపెట్టి, కుర్చీలో కూర్చుని పూర్తిచేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నర్సును పిలిచి ఆమెకు కూడా చదివి వినిపించింది. తరువాత దాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి, ఇది దాచుకో అమ్మాయ్, కానీ రూలుకు మాత్రం ఆ అచ్చు కాగితమే కావాలంది. దాని మీద భర్త సంతకమే కావాలంది. నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. రేపు శనివారం. ఎల్లుండి ఆవిడ ఉండదు. కాగితంలో మా ఆయన భయపడే నాలుగు ఖాళీలూ అట్లాగే ఉన్నాయి.

మా ఆయన ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. ఈ ఖాళీలు తన ముందరే నింపమని డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ నింపింది. మిగిలిన చోట గీతలు కొట్టమన్నాడు. కొట్టింది. ఆయన కలం తీసుకుని ఇట్టే సంతకం పెట్టేశాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఇంత సులువైతే వారం రోజుల నుంచి నన్నెందుకు చంపావని అడిగాను.

"అప్పుడు ఆస్తి నాదనుకుంటి గదా, పోతాదేమోనని భయం. ఇప్పుడు నీదని తేలిపాయ. నాది కానిదానికి సంతకం పెడితే నాకు పోయేదేముండాది?" అన్నాడు.

డాక్టరమ్మ కాగితం తీసుకుని సొరుగులో పెట్టబోయింది. నేను ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాను. ఆవిడ కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. భర్త పేరు, భర్త తండ్రి పేరు, భర్త సంతకం, డాక్టరు సంతకం ఉన్నాయి. నా పేరు రాసుకోవడానికి ఒక చోటుంది గానీ, నేను సంతకం పెట్టడానికి చోటు లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని ఆవిడ మెల్లగా అంది. ఆవిడ నవ్వు పోయింది. స్కేలు తీసి, డాక్టరు సంతకం కింద నిదానంగా ఒక గీత గీసింది. కలం నా చేతికిచ్చింది.

"నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగింది.

ప్రొద్దుటూరు వసారాలో అంతమంది మగవాళ్ళ ముందు లేచి మాట్లాడినదాన్ని, ఆ ఒక్క మాటకు ఏడ్చేశాను. ఏడుపు ఎంతకూ ఆగలేదు. ఒళ్ళోని పిల్ల లేచి అది కూడా అందుకుంది. నాకు పెండ్లి చేసేటప్పుడు ఈ మాట ఎవరూ అడగలేదు, ఐదు కడుపులు పండినప్పుడు ఎవరూ అడగలేదు. మా ఆయన గాబరాపడి దగ్గరికొచ్చి, ఇష్టం లేకపోతే చెప్పు, ఇంటికి పోదాం అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, పిల్లను ఆయన చేతుల్లో పెట్టి, ఆ గీత మీద నా పేరు రాశాను.